వెయ్యిన్ని పద్నాలుగు

అబర్దీన్‌లో, రేవు దగ్గర,
ఆటుపోట్ల లెక్కలు కట్టే ఆఫీసు నేలమాళిగలో
పాత యంత్రం ఒకటి దగ్గుతోంది.
శుక్రవారంలోపు దాన్ని ఆపేయాలి.
ముప్పై ఒక్క ఏళ్ల సముద్రం దాని కడుపులో ఉంది,
కొత్త యంత్రంలోకి నేను ఎత్తిపోయాలి.

మొదటి రాత్రి తొందరపడ్డాను.
గంపగుత్తగా కాపీ కొట్టాను.
ఒక్క అంకె పోలేదు, ఒక్క అల తగ్గలేదు,
మక్కీకి మక్కీ, అనుకుని టీ కలుపుకున్నాను.
తిరిగొచ్చి జాబితా చూస్తే
అన్నీ రూట్‌వే. అంటే నావే.
తొంభై నాలుగు నవంబరు తుపాను కూడా
ఈ రాత్రి రెండుంబావుకి పుట్టినట్టు
నా మొహం కేసి చూస్తోంది.
పదిమందీ కలిసి రాసుకునే ఫైళ్లలో
గ్రూపు చేతిలోంచి కలం ఎవరో లాగేసుకున్నారు.
మొయిరా గెడ్డెస్ పాలమిఠాయి ఫైలు,
ఎవరైనా చదవండి, ఎవరైనా దిద్దండి అని
ఆవిడ బార్లా తెరిచి పెట్టిన ఒకే ఒక్క ఫైలు,
పంచదార కొలత మీద పదకొండేళ్ల యుద్ధం జరిగింది అందులో.
ఇప్పుడు ఒక్క చెంచా తగ్గించే అధికారం
ఆఫీసులో ఎవరికీ లేదు.

చెరిపేశాను.

చదవడం, రాయడం, నడపడం.
ఇవి మూడే హక్కులు.
డైరెక్టరీ దగ్గర మాత్రం నడపడం అంటే గడప దాటడం.
చదివే హక్కుండి దాటే హక్కు లేకపోతే
కిటికీలోంచి పేర్లు కనపడతాయి, అంతే.
దాటే హక్కుండి చదివే హక్కు లేకపోతే
చీకటి గది,
ఏది ఎక్కడుందో ముందే తెలిసినవాళ్లకే చేతికందుతుంది.
నా కాపురం రెండేళ్లు అలాంటి గదిలోనే సాగింది.

రెండో రాత్రి టార్‌తో మూట కట్టాను,
విప్పేటప్పుడు పి అనే చిన్న అక్షరం మరవలేదు.
హక్కులు హక్కుల్లాగే దిగాయి. తేదీలు తేదీల్లాగే.
మొయిరా ఫైళ్ల పక్కన మాత్రం
ఇఫియోమా పేరు.

ఇఫియోమా చేరి మూడు వారాలు.
మొయిరా పోయి ఏడాదిన్నర.
ఒకరినొకరు చూసుకోలేదు.
యంత్రానికి పేరు పైపూత, లోపల మనిషంటే అంకె.
మొయిరా అనే పేరు కొత్తచోట లేదు,
ఆవిడ అంకె వెయ్యిన్ని పద్నాలుగు
ఖాళీగా ఉంది కదా అని
పోయిన సోమవారం ఇఫియోమాకి ఇచ్చింది నేనే.
అత్త సొమ్ము అల్లుడు దానం.

అందులో ఒక డైరెక్టరీ ఉంది, పేరు 'తర్వాత'.
ఏడు, సున్న, సున్న.
ఆవిడ తప్ప ఎవరూ రాకూడదు.
రేపు తొమ్మిదికి ఇఫియోమా లాగిన్ అయితే
యజమానురాలే వచ్చిందనుకుని అది తలుపు తీస్తుంది.
నేనూ తీయగలను. రూట్‌కి తాళాలు లేవు.
కర్సర్ దాని పక్కనే చాలాసేపు మినుకుమంది.
నాలుగు గిగాబైట్లని మాత్రం చూశాను,
అది కూడా చూడకుండా ఉండాల్సింది.

కొత్త యంత్రంలో మొయిరాకి ఖాతా తెరిచాను.
పాస్‌వర్డ్ లేదు, షెల్ లేదు,
ఎవరికీ తగలని ఒక అంకె ఉంది.
ఉద్యోగి ఎప్పుడు చేరుతున్నారు, అని అడిగింది ఫారం.
ఖాళీ వదిలాను.
తర్వాత మూట మళ్లీ విప్పాను.
ఈసారి ప్రతి ఫైలూ పేరు పట్టుకుని వెళ్లి
ఆవిడ పక్కన కూర్చుంది.
'తర్వాత' మూసింది మూసినట్టే దిగింది.

ఐదుంబావు. పైన రేవులో
సీగల్ పక్షులు చిప్స్ పొట్లం కోసం కొట్టుకుంటున్నాయి.
రూట్‌లోంచి బయటికొచ్చి
నా మామూలు పేరుతో మిఠాయి ఫైలు తెరిచాను.
పంచదార ఒక చెంచా తగ్గించాను.
అంత సముద్రంలో
ఆ ఒక్కదానికి ఇవాళ్టి తేదీ పడింది.